జవాబు చెప్పనావిడ

మాది రంగూన్ శాఖ. ఊరి పేరు యాంగోన్‌గా మారి ఎంతో కాలమైనా, శాఖ పేరు మార్చే ఓపిక మాలో ఎవరికీ లేకపోయింది. కొత్తగా విన్నవాళ్ళు ఇదేదో పెద్ద సంఘానికి కొమ్మ అనుకుని, మిగతా శాఖలు ఎక్కడున్నాయని అడుగుతారు. చేరిన రోజున నేనూ అడిగాను. అందరూ నవ్వారు. మొదలుపెట్టిన విద్యార్థులు మాండలేలో ఒకటి, మౌలమైన్‌లో ఒకటి పుట్టుకొస్తాయన్న ధీమాతో దీనికి ముందే శాఖ అని పేరు పెట్టేశారట. అవి ఎప్పటికీ రాలేదు. కేంద్ర కార్యాలయం లేని శాఖ ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుందని మా ప్రెసిడెంటుగారు గర్వంగా చెబుతారు. ఆయనకు దేనిమీద గర్వపడాలో తెలియదని నేను అంటాను.

ఇది కాలేజీ పిల్లల గౌరవ సంఘం. ఈ ఊళ్ళో తెలుగిళ్ళలో పుట్టి, కాలేజీలో తమ తరగతికి మొదటి మార్కు తెచ్చుకున్నవాళ్ళను చేర్చుకుంటారు. బ్యాడ్జీ లేదు, సర్టిఫికెట్ లేదు, రాసిపెట్టుకున్న చరిత్ర అసలే లేదు. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో ఒక పప్పుల దుకాణం మీది గదే మా సమావేశ మందిరం. కింద నుంచి మినపప్పు, ఎండుమిర్చి వాసన వస్తుంది. కిటికీలోంచి రైలు కూత వస్తుంది. ఆ దుకాణం మా తాతది, తర్వాత నాన్నది, ఇప్పుడు తమ్ముడిది. కాబట్టి నాకు మొదటి మార్కు రాకపోయినా ఆ గది ఊడ్చే పని ఎలాగూ తప్పేది కాదు.

మామూలుగా గౌరవ సంఘాల్లో చదివినవాళ్ళకు సన్మానం చేస్తారు. మా దాంట్లో అలా కాదు. చేరబోయే పిల్లను అందరి ముందూ నిలబెట్టి ఒక్క ప్రశ్న అడుగుతారు: "నీ మొదటి మార్కు ఎవరిది?" నాదే అంటే కుదరదు. ఎవరి పుణ్యాన వచ్చిందో ఆ మనిషిని చూపించాలి. ఆ మనిషి లేచి ముందుకు రావాలి. తాంబూలం ఆ మనిషి చేతిలో పెడతారు. తాంబూలమంటే ఆకు వక్క కాదు, లఫెట్. ఈ దేశంలో పులియబెట్టిన టీ ఆకును నూనెతో కలిపి, వేయించిన బఠాణీలు, వెల్లుల్లి, నువ్వులు జోడించి శుభకార్యాలకు పెడతారు. మనవాళ్ళు ఆ లఫెట్‌ను తమలపాకులో పెట్టి చేతికిస్తారు. అది బర్మా మర్యాదో మన మర్యాదో ఇప్పుడు విడదీసి చెప్పడం నా వల్ల కాదు. చదివిన పిల్లకు మాత్రం కప్పు టీ తప్ప ఏమీ రాదు.

ఇంకొకటి వస్తుంది, పేరు. ఆ రోజు ఆ గదిలో వాళ్ళు ఏం చేస్తే అదే వాళ్ళ పేరు. నేను చేరిన రోజున గాభరాతో గొంతెండిపోయి, కార్యక్రమం మొదలవకముందే ఇంకో కప్పు టీ అడిగాను. అంతే, రెండో టీ అడిగినావిడ అయిపోయాను. ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతున్నాయి. సంచౌంగ్‌లో ఇంటి దగ్గర కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. వాళ్ళంతా సయామా అని, అంటే టీచరమ్మా అని, నాకు దారిచ్చి నడుస్తారు. ఆ గదిలోకి అడుగుపెడితే మాత్రం నేను రెండో టీ అడిగినావిడనే.

ఈ పేర్లతోనే మా ప్రవర. పెళ్ళిలో పురోహితుడు ఋషుల పేర్లు వరసగా చెప్పి ఫలానా గోత్రం అంటాడే, అలాంటిదే. మా శాఖలో ఒకరు తమ జీవితంలో ఒక్కరినే తేవాలి. తెచ్చినవాళ్ళు కొత్త మనిషి పక్కన నిలబడి తమ వరసంతా పైకి చెప్పాలి. నాది ఇది. నేను రెండో టీ అడిగినావిడను. నన్ను తెచ్చింది జవాబు చెప్పనావిడ. ఆవిణ్ణి తెచ్చింది చెప్పులు పోగొట్టుకున్నాయన. ఆయన్ని తెచ్చింది తుమ్మినాయన. ఆయన్ని తెచ్చింది వానలో తడిసొచ్చినాయన. ఆయన్ని తెచ్చింది తలుపు తీసినాయన. తలుపు తీసినాయన్ని తెచ్చినవాళ్ళు లేరు. ఆయన అందరికంటే ముందొచ్చి తాళం తీశాడు, శాఖ అక్కడ మొదలైంది. వరసలో బతికున్నవాళ్ళు గదిలో ఉంటే, తమ పేరు వినపడగానే లేచి "ఉన్నాను" అనాలి. లేనివాళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగి ముందుకు పోవాలి. మా చరిత్రంతా ఇంతే, నోటిమీద నడుస్తుంది.

చాలా వరసలు మధ్యలోనే తెగిపోయాయి. సగం మంది ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయిన రోజుల గురించి మా నాన్న చెప్పేవాడు. ఆ తర్వాతివాళ్ళు సింగపూర్ వెళ్ళారు. ఒకాయన అక్కడి నుంచి సమావేశానికి ఫోనులో కనపడతాడు. సగం మాటలో నోరు తెరిచి అలాగే ఆగిపోతాడు, మా కరెంటు పోయిందో ఆయన లైను పోయిందో తెలియక మేం ఆ నోరు వైపు కాసేపు మర్యాదగా చూస్తూ కూర్చుంటాం. ఆ మధ్య కొన్నేళ్ళు కాలేజీలే సరిగ్గా నడవలేదు. చేరేవాళ్ళు లేక ఆ గదిలో తమ్ముడు బియ్యం బస్తాలు పేర్చాడు. నేను ఎవరినీ తేలేదు. నాకు ఒక పట్టాన ఎవరూ నచ్చరని అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

అలాంటి రోజుల్లో నన్ను తెచ్చినావిడ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం మొదలుపెట్టింది.

ఆవిణ్ణి నేను అప్ప అంటాను. శ్రీకాకుళం వైపు అక్కను అలాగే పిలుస్తారు. వాళ్ళ తాత అటు నుంచి రంగం, అంటే ఈ రంగూనే, వచ్చి రేవులో బస్తాలు మోశాడు. వాళ్ళ నాన్న అహ్లోన్‌ పేటలో బియ్యం మిల్లు దగ్గర మేస్త్రీ. అప్ప మాత్రం ఫిజిక్స్ చదివి కాలేజీలో పాఠం చెప్పింది. నాకూ చెప్పింది. క్లాసులో ఇంగ్లీషూ బర్మీసూ దంచి, వరండాలోకి రాగానే "ఏటే, అర్తమయినాదా?" అని అడిగేది. అర్థం కాలేదంటే మళ్ళీ మొదటినుంచీ చెప్పేది. మా అమ్మ నన్ను కన్నది, అప్ప నన్ను మనిషిని చేసింది. ఈ మాట ఆవిడ ముందు ఎప్పుడూ అనలేదు, అంటే తిడుతుంది.

ఇప్పుడు ఆవిడకు ఎనభై దాటాయి. అహ్లోన్‌లో మూడో అంతస్తులో చెల్లెలితో ఉంటుంది. అప్ప పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు చేసుకుంది, ఆయన చాలాకాలం కిందటే పోయాడు, పిల్లలు లేరు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ, ఒకరి మాత్రలు ఒకరు గుర్తుచేసుకుంటూ బతుకుతున్నారు. నేను ఆదివారాలు వెళ్తాను. ఆ ఆదివారం కరెంటు ఉంది. ముందు గదిలో చెల్లెలు టీవీ పెద్దగా పెట్టుకుని బర్మా సీరియల్ చూస్తోంది. అప్ప నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఒలే, నువ్వొక పిల్లని తే. ఎవురో ఒకల్ని తే. నాను పోకముందు ఒక్కసారి ఆ గదిలో నిలబడాల."

"ఎందుకప్పా అంత తొందర?"

"జవాబు సెప్పాల."

నేను నవ్వబోయి ఆగాను. ఆవిడ పేరు వెనక ఉన్న కథ మాకు ఎవరికీ పూర్తిగా తెలియదు. చేరిన రోజున ప్రశ్న అడిగితే నోరు మెదపలేదని, తాంబూలం పళ్ళెంలోనే మిగిలిపోయిందని మాత్రమే తెలుసు. పొగరని కొందరు, భయమని కొందరు అనుకున్నారు. ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడే చెప్పింది.

వాళ్ళమ్మ పోయాక ఇంట్లో ఒకరే చదవగలిగారు. పెద్దదని అప్పను ఉంచి, చెల్లెల్ని బడి మాన్పించాడు నాన్న. చెల్లెలు ఇల్లు చూసింది, మిల్లు గేటు దగ్గర పెట్టి అమ్మడానికి పొద్దున్నే పప్పు రుబ్బి గారెలు వేసింది. అప్ప ఆ రుబ్బురోలు పక్కనే కూర్చుని పాఠం పైకి చదివేది. చెల్లెలు పొత్రం తిప్పుతూ, "అది మళ్ళీ సెప్పు, నాకు తెల్దు" అనేది. చెల్లెలికి తెలిసేలా చెప్పేసరికి అప్పకు తెలిసిపోయేది.

"మార్కు దానిదేనే. మరెవురిదేటి? అయితే ఆ రోజు నాన్న ముందు వరసలో కూకున్నాడు. కొత్త కండువా ఏసుకున్నాడు. తన్నే పిలుస్తానని. సెల్లి మూల నిలబడి అందరికీ టీ పోస్తంది. నాన్న పేరు సెప్తే అబద్దం. దాని పేరు సెప్తే, బడి మాన్పించింది నువ్వేనని నాన్నని అందరి ముందూ అన్నట్టు. ఏటి సెయ్యాల? అయినా సెప్పీద్దామని దానొంక సూసినాను. అది నన్ను సూసి తల అడ్డంగా ఊపింది. ముకం ఇంత ఎర్రగా ఉన్నాది. అంత కోపం దానికి. నీ మార్కూ వొద్దు, నీ తాంబూలమూ వొద్దన్నట్టు ఊపింది. ఇంక నాకు నోరు రాలేదే."

"ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, కోపమా అని ఒక్కసారీ అడగలేదా?"

"అడిగితే అవునంటాది. అప్పుడేటి సెయ్యాల?"

ముందు గదిలో సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. అప్ప కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయల వల్ల అంది. ఉల్లిపాయలు ఇంకా తరగలేదు. ఎంత పెద్ద చదువు చదివినా అబద్ధమాడటం ఆవిడకు చేతకాలేదు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. నచ్చడం నచ్చకపోవడం పక్కన పెట్టి పిల్లను తేవాలి. అప్ప జవాబు ఆ చెల్లెలు బతికుండగా, ఆ గదిలో, అందరి ముందూ వినాలి. కొత్త మనిషి వస్తేనే ప్రవర, ప్రవర ఉంటేనే అప్ప లేచి నిలబడటం.

అదృష్టం నా పక్కన ఉంది. నా దగ్గర చదివే ఒక అమ్మాయి ఆ ఏడాది తన తరగతిలో మొదట వచ్చింది. వాళ్ళదీ అహ్లోనే, అప్ప వాళ్ళ వీధే. నాన్న రేవులో పని చేస్తాడు. ఇంట్లో తెలుగు వినిపిస్తుంది గానీ ఆ పిల్ల నోట బర్మీసే వస్తుంది. తెలుగు అడిగితే అర్థమైనట్టు తలూపుతుంది, తిరిగి చెప్పమంటే నవ్వుతుంది. ప్రవర నేర్పడం మొదలుపెడితే నా తల ప్రాణం తోకకొచ్చింది. బర్మా అక్షరాల్లో రాసుకుని చదువుతూ, తుమ్మినాయన దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నవ్వేది.

"సయామా, ఈ తాత నిజంగా తుమ్మాడా?"

"తుమ్మకపోతే పేరెందుకు వస్తుంది?"

"జవాబు చెప్పనావిడ అంటే మూడో అంతస్తు అమ్మమ్మే కదా? ఎందుకు చెప్పలేదు?"

"వచ్చి విను," అన్నాను.

ఇక ప్రెసిడెంటుగారు. ఆయన రిటైరైన ఇంజనీరు, గోడ ఎంత నిటారుగా ఉండాలో రూలు కూడా అంత నిటారుగా ఉండాలంటాడు. ఫోన్ చేసి, అప్పను మళ్ళీ ఒకసారి ఆ ప్రశ్న అడుగుతారా అని మర్యాదగానే అడిగాను.

"అలా కుదరదమ్మా. ప్రశ్న మనిషికి ఒక్కసారే. తాంబూలం రోజుకు ఒక్కటే. ఇవాళ ఆవిణ్ణి అడిగితే, రేపు ఫోనులో ఉన్నాయన నన్నూ అడగమంటాడు."

"ఆయన్ని అడిగినా వినపడదు లెండి."

"రూలు రూలే."

పట్టిన పట్టు వదల్లేదు. నేను ఫోన్ పెట్టేసి, ఆయన్ను ఉద్దేశించి వంటింట్లో కొన్ని మాటలన్నాను. అవి ఇక్కడ రాయను. అప్పకు చెబితే ఆవిడ తొణకలేదు. "అడక్కపోతే మానీమను. నా పేరు రాగానే లెగుస్తాను గదా. ఉన్నాను అన్నాక నా నోరు ఎవురు మూస్తారు?" అంది.

తమ్ముడితో బస్తాలు దింపించాను. గది ఊడ్చాను, ఎలాగూ తప్పే పని కాదని చెప్పానుగా. వానలు వెనకపట్టిన ఆదివారం పొద్దున అందరూ వచ్చారు. అందరూ అంటే ఒక గది నిండేంత మందీ కాదు, ఖాళీగా కనిపించేంత కొద్దిమందీ కాదు. కరెంటు లేదు. కిటికీలన్నీ తెరిచాం. లఫెట్ తయారు చేయడం తెచ్చినవాళ్ళ వంతు, కాబట్టి తెల్లారి లేచి నేనే బఠాణీలు వేయించాను. తమలపాకు ఒకటే పళ్ళెంలో పెట్టాను. ఇంకొకటి సంచిలో దాచి తెద్దామా అని చాలా ఆలోచించి మానేశాను. దొంగచాటు తాంబూలం అప్ప ఒప్పుకోదు.

పప్పుల దుకాణం మెట్లు నిచ్చెనకు అన్నలాంటివి. అప్ప నా భుజం పట్టుకుని ఎక్కింది. చెల్లెలికి మోకాళ్ళు వంగవు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఆ పిల్ల నాన్న ఒక పక్క, మా తమ్ముడు ఒక పక్క పట్టుకుని పైకి తెచ్చారు.

"ఓలమ్మ, పెల్లికూతుర్ని మోసినట్టు మోస్తన్నారు. పడేస్తారేటి!" అని దారంతా అరుస్తూనే ఉంది.

పైకొచ్చాక గదిని ఒకసారి చూసింది. ఆ రోజు తర్వాత ఆవిడ ఆ గదిలోకి రాలేదు. ఎవరూ పిలవలేదు, పిలవాలని ఎవరికి తోస్తుంది? మూలకు చేయి చూపించి, "టీ గిన్ని అక్కడుండేది," అంది. అప్ప నా భుజం గట్టిగా నొక్కింది. ఆ చెల్లెలు ఏదీ మరిచిపోలేదని మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నాకూ భయం పట్టుకుంది.

ఆ పిల్లను నిలబెట్టారు. నేను పక్కన నిలబడి మొదలుపెట్టాను. "నేను రెండో టీ అడిగినావిడను." మామూలుగానే అందరూ నవ్వారు. "నన్ను తెచ్చింది జవాబు చెప్పనావిడ."

అప్ప లేచింది. లేవడానికి కాస్త సమయం పట్టింది. అందరూ ఉన్నాను అన్న మాట కోసం చూస్తున్నారు.

"ఉన్నాను," అంది అప్ప. కూర్చోలేదు. "నా పేరు అలాగే ఉండనీండి, మార్చమనను. నన్ను ఇక్కడ నిలబెట్టి మొదటి మార్కు ఎవురిదని అడిగినారు. సెప్పలేదు. ఇప్పుడు సెప్తన్నాను. అది నా సెల్లిది. అది రుబ్బుతుంటే నాను సదివినాను. అది అడిగితే నాకు తెలిసింది. ఆ రోజు దాన్నే పిలవాల. పిలవలేదు."

ప్రెసిడెంటుగారు ఏదో అనబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అందరి తలలూ ప్లాస్టిక్ కుర్చీ వైపు తిరిగాయి.

చెల్లెలు పక్కన కూర్చున్న ఆ పిల్ల తల్లి వైపు వంగి ఆవిడ చీర అంచు వేళ్ళతో పట్టి చూస్తోంది. అందరూ తననే చూస్తున్నారని గమనించి తలెత్తింది.

"ఏటంతంది మా అప్ప?"

వినపడలేదు! ఒక జీవితకాలం మోసిన మాట ఆవిడ చెవి దాకా రాలేదు. టీవీ అంత పెద్దగా ఎందుకు పెట్టుకుంటుందో నాకు అప్పుడు వెలిగింది. సైన్సు చదివినవాళ్ళం ఇద్దరం పథకం వేసుకుని, ఆవిడ చెవుల సంగతే మరిచిపోయాం.

అప్ప నన్ను తోసుకుని కుర్చీ దగ్గరికి నడిచింది. వంగి చెవి దగ్గర అరిచింది. "నా మొదటి మార్కు నీదేనన్నానే!"

"ఏ మార్కే?"

"కాలేజీ మార్కే! ఇక్కడే! నాన్న కండువా ఏసుకొచ్చిన నాడు!"

ఆ అరుపుకు కింద దుకాణంలో బేరం ఆగిపోయింది. మెట్ల మీద రెండు తలలు కనిపించాయి. చెల్లెలు అప్ప ముఖంలోకి చూసింది.

"దానికా ఇంత దూరం మోసుకొచ్చినావు? నానే గదా నిన్ను సెప్పొద్దన్నాను."

అప్ప చెవి దగ్గర నుంచి తల వెనక్కి తీసింది.

"తల ఊపినాను కాదేటి? నువ్వు సూసినావు గదా. నాన్న ఆ కండువా రాత్రే మడతెట్టి తలకిందెట్టుకు తొంగున్నాడు. నువ్వు నన్ను పిలిస్తే ఆయన ముకం ఎక్కడెట్టుకుంతాడు? వొద్దే, సెప్పకే అని ఊపినాను. నువ్వు యిన్నావు. మా అప్ప అంత పెద్ద సదువు సదివి కూడా నా మాట యిన్నాదని నాను ఇన్నాళ్ళూ..." ఆవిడ ఆగి, గాలి పీల్చుకుంది. "ఇన్నాళ్ళూ అందరికీ సెప్పుకున్నాను."

"మరి ముకం ఎర్రగా ఉన్నాదేటి? కోపం కాదా?"

"టీ పొయ్యి దగ్గిర నిలబడితే ఎర్రగా కాక నల్లగా ఉంతాదేటి?"

ఎవరో నవ్వారు. అప్ప నవ్వలేదు. కుర్చీ చేతిని పట్టుకుని చెల్లెలి ముందు నేలమీద కూర్చుండిపోయింది.

"బడి మానిపించినందుకు ఏడవలేదేటే నువ్వు?"

"ఏడ్సినాను. ఎందుకేడవను? అది నాన్న మీద. నీమీద ఎందుకేటి?" అని చెల్లెలు అప్ప నెత్తిమీద చెయ్యి వేసి, జుట్టు నుదుటి మీద నుంచి వెనక్కి తోసింది. "లెగు, నేల తడిగా ఉన్నాది. మోకాల్లు పట్టీస్తాయి."

నేను ఏడ్చాను. దాచుకోను. ఒకరు కోపమనుకుని, ఒకరు మాట విన్నదనుకుని, ఒకే వంటింట్లో ఒకరికొకరు అన్నం పెట్టుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశారు. ఒకరిది భయం, ఒకరిది గర్వం. ఆ గర్వం అప్ప ముందే తెలుసుకుని ఉంటే ఎంత బాగుండేదని నాకు ఆ నిమిషంలో విపరీతమైన కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక ప్రెసిడెంటుగారి వైపు చూశాను.

ఆయన పళ్ళెం పట్టుకుని కుర్చీ దాకా వచ్చాడు. రూలంటూ ప్రాణం తీసిన మనిషి, ఒక్కటే ఉన్న ఆ తమలపాకును చెల్లెలి ముందుకు చాచాడు. ఆవిడ లఫెట్ వైపు అనుమానంగా చూసింది.

"ఇయ్యేటి, బటానీలా? నాకు పల్లు లేవు బాబూ. ఆ పిల్ల నాన్నకియ్యండి. ఆ బాబు నన్ను మోసుకొచ్చినాడు."

ఆవిడ చెప్పినా వినదని తేలిపోయింది. నేను బఠాణీలు, వెల్లుల్లి పక్కకు తోసి, మెత్తటి టీ ఆకు ఒక్క చిటికెడు తీసి ఆవిడ నాలుక మీద పెట్టాను. చప్పరించింది. ఉప్పు తక్కువైందని చెప్పింది.

ఆగిన చోటు నుంచి ప్రవర పూర్తి చేశాను. చెప్పులు పోగొట్టుకున్నాయన దగ్గర ఆగాను, తుమ్మినాయన దగ్గర, తడిసొచ్చినాయన దగ్గర ఆగాను, తలుపు దాకా వచ్చాను. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని ఆ పిల్లను అడిగాడు, నీ మొదటి మార్కు ఎవరిదని.

"మా అఫేది," అంది. అఫే అంటే నాన్న. తర్వాతి మాటలు తెలుగులో వెతుక్కుంటూ చెప్పింది. "కరెంటు లేదు. అఫే బ్యాటరీ రేవుకి భుజం మీద... మోసి, అక్కడ ఛార్జి పెట్టి, మళ్ళీ తెచ్చాడు. రోజూ. నేను దీపం కింద చదివాను."

ఆ నాన్న లేచి వచ్చాడు. కుర్చీ మోసిన చేతులతోనే తాంబూలం అందుకుని, ఒక చిటికెడు తగ్గి ఉందని చూసి, చెల్లెలి వైపు తిరిగి నవ్వాడు. బఠాణీలు నేను సరిగ్గానే వేయించానని ఆయన నమలడం విని తెలిసింది.

చివరగా కొత్త మనిషి తన నోటితో వరస మొత్తం చెప్పాలి. అప్పటినుంచి ఆ వరస ఆ మనిషిది. ఆ పిల్ల బర్మా అక్షరాల కాగితం మడిచి అమ్మకు ఇచ్చేసింది. చూడకుండా చెప్పింది.

"నన్ను తెచ్చింది రెండో టీ అడిగినావిడ. ఆవిణ్ణి తెచ్చింది జవాబు చెప్పనావిడ." అక్కడ ఆగింది. మరిచిపోయిందనుకుని నేను పక్కనుంచి, చెప్పులు, చెప్పులు అని గొణిగాను. నా వైపు చూడలేదు. కుర్చీ వైపు చూసి, ఒక్కో మాటా పట్టి పట్టి అంది. "ఆవిణ్ణి చెప్పొద్దన్నది వాళ్ళ చెల్లెలు."

నేను నేర్పలేదు. ఎవరూ నేర్పలేదు. కాలేజీ గడప తొక్కని మనిషి మా వరసలోకి రావడం అదే మొదలు. అందరం ప్రెసిడెంటుగారి వైపు చూశాం. ఆయన కిటికీలోంచి రైలు పట్టాల వైపు చూశాడు.

"మనది నోటితో చెప్పే చరిత్ర," అన్నాడు చివరకు. "చెప్పేసింది కదా. ఇంక చేసేదేముంది? కానీ అమ్మా, బతికున్నవాళ్ళ పేరు వస్తే వాళ్ళు పలకాలి. అది రూలు."

గదంతా చెల్లెలి వైపు తిరిగి ఎదురుచూసింది. ఆవిడ చిగుళ్ళ మధ్య టీ ఆకు పీచును నాలుకతో తీసుకుంటూ, అప్ప మోచేతిని పొడిచింది.

"ఏటంతందే ఆ పిల్ల?"

అప్ప ఆవిడ చెవి దగ్గరికి వంగింది. రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి కింద దుకాణం దాకా వినపడేట్టు అరిచింది.

"నువ్వు ఉన్నావా అని అడుగుతన్నారే!"

"ఉన్నాను గదా," అంది చెల్లెలు. "ఎక్కడికెల్తాను?"